కొద్ది వందల మంది స్పానియార్డులు అంతటి సామ్రాజ్యాన్ని ఎలా కూల్చారు? మీ అనుభవాలు పంచుకోండి

చరిత్ర_మాస్టారు (గుంటూరు)

నేను జూనియర్ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. అమెరికా ఖండాలపై స్పెయిన్ దండయాత్రల పాఠం దగ్గరకు వచ్చేసరికి విద్యార్థులు ఏటా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. 1519లో స్పెయిన్ సేనాని ఎర్నాన్ కోర్టెస్ క్యూబా నుంచి 11 ఓడలలో, సుమారు 500 మంది సైనికులతో, 16 గుర్రాలతో బయలుదేరాడు. మెక్సికోలోని అజ్టెక్ సామ్రాజ్యపు రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో ఆనాడు దాదాపు రెండు లక్షల జనం ఉండేవారని పలువురు చరిత్రకారుల అంచనా. మరి రెండేళ్లలో, 1521 ఆగస్టు 13 నాటికి, ఆ నగరం ఎలా పడిపోయింది? తుపాకులు, ఉక్కు కత్తులు, గుర్రాలు అని చెప్పి పాఠం ముగించడానికి నాకు మనసొప్పడం లేదు. మెక్సికో, పెరూ, స్పెయిన్ దేశాలలో ఉంటున్నవారు, ఆ ప్రదేశాలు చూసివచ్చినవారు అక్కడ తెలుసుకున్న విషయాలు రాస్తే పిల్లలకు చెబుతాను.

సరస్సుమీదినగరం (మెక్సికో సిటీ)

మాస్టారూ, ఉద్యోగరీత్యా నేను ఈ నగరంలోనే కాపురం ఉంటున్నాను. కోర్టెస్ చూసిన నగరం సరస్సు మధ్యలో ఉండేది. ఆ సరస్సును ఎండగట్టి కట్టిన ఊరు కాబట్టి ఇక్కడి నేల నేటికీ కుంగుతూనే ఉంది. ప్రధాన కూడలిలోని పెద్ద చర్చిలో గోపురం నుంచి ఒక లంబసూత్రాన్ని వేలాడదీశారు. కట్టడం ఏ కాలంలో ఎటు ఒరిగిందో దాని కింద నేల మీద గుర్తులు పెట్టారు. ఆ చర్చి పక్కనే, 1978లో విద్యుత్ కార్మికులు తవ్వుతుండగా, కొయోల్‌షౌకీ అనే దేవత రూపం చెక్కిన పెద్ద గుండ్రని రాయి బయటపడింది. అజ్టెక్కుల మహాలయం తవ్వకాలు దానితోనే ఊపందుకున్నాయి.

అయితే మీ ప్రశ్నకు సమాధానం నాకు దొరికింది ఈ నగరంలో కాదు, తూర్పున కొండలకు అవతల ఉన్న ట్లాస్కాలాలో. ఆ ఊరు అజ్టెక్కులకు ఎన్నడూ లొంగలేదు. చుట్టూ ఉన్న ప్రాంతమంతా శత్రువుల చేతిలో ఉండటం వల్ల వారికి ఉప్పు, పత్తి కూడా సరిగా అందేవి కావు. 1519 సెప్టెంబరులో ట్లాస్కాలా వారు మొదట కోర్టెస్‌తో హోరాహోరీగా పోరాడి, ఆ తరువాతే సంధి చేసుకున్నారు. 1520 జూన్ 30 రాత్రి టెనోచ్‌టిట్లాన్ నుంచి తరిమివేయబడిన స్పానియార్డులు సగానికి పైగా తోటివారిని కోల్పోయి చేరుకున్నది ట్లాస్కాలాకే. అక్కడ వారికి ఆశ్రయం దొరకకపోయి ఉంటే ఈ కథ ఆ ఏడాదే ముగిసి ఉండేదని నా గట్టి నమ్మకం. సరస్సులో యుద్ధానికి కావలసిన 13 పడవల భాగాలను అక్కడే తయారు చేయగా, వేలాదిమంది ట్లాస్కాలా కూలీలు వాటిని భుజాల మీద మోసుకుంటూ కొండలు దాటించి టెస్కోకో సరస్సు ఒడ్డుకు చేర్చారు. 1521 ముట్టడిలో స్పానియార్డులు వందల్లో ఉంటే, వారి పక్షాన పోరాడిన స్థానికులు పదుల వేలల్లో ఉన్నారు. పిల్లలకు ముందుగా చెప్పవలసింది ఈ లెక్క అని నా అభిప్రాయం.

బొబ్బిలికోట

ఇది చదవగానే మా ప్రాంతపు చరిత్రే గుర్తుకు వచ్చింది. 1757లో బొబ్బిలి మీదకు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చినప్పుడు ఆయన పక్కన నిలబడింది విజయనగరం రాజు కదా! మాస్టారు ఆ ఉదాహరణతో మొదలుపెడితే పిల్లలకు ట్లాస్కాలా పరిస్థితి ఇట్టే అర్థమవుతుంది.

సరస్సుమీదినగరం

పోలిక బాగుంది, కానీ ఒక జాగ్రత్త అవసరమండీ. ట్లాస్కాలా వారిని మోసపోయిన అమాయకులుగానో, ద్రోహులుగానో చూపించడం సరికాదు. ద్రోహులన్న మాట ఈ దేశంలో ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తుంది, ఆ ఊరివారు దానికి ఎంతో నొచ్చుకుంటారు. ఆనాడు మెక్సికో అనే దేశమే లేదు, తమ నగరమే వారి దేశం. తమ సేవకు తగిన హక్కులను వారు స్పెయిన్ రాజు దగ్గర పట్టుబట్టి సాధించుకున్నారు. 1591లో ఉత్తర సరిహద్దులో స్థిరపడటానికి 400 ట్లాస్కాలా కుటుంబాలు వెళ్లినప్పుడు గుర్రమెక్కే హక్కు, ఆయుధం ధరించే హక్కు రాతపూర్వకంగా పొందాయి.

వేకువతార

కోర్టెస్ దుబాసీ మాలింట్సిన్ పేరు ఎవరూ ఎత్తలేదు. టబాస్కో తీరంలో కోర్టెస్‌కు కానుకగా అప్పగించిన 20 మంది స్త్రీలలో ఆమె ఒకరు. ఆమె అజ్టెక్కుల నహువాటిల్ మాటలను అక్కడి మాయా జాతివారి భాషలో చెబితే, అంతకు కొన్నేళ్ల ముందు ఓడ మునిగి మాయాల మధ్య బతికిన అగిలార్ అనే స్పానియార్డు వాటిని స్పానిష్‌లో చెప్పేవాడు. కొద్దికాలానికే ఆమె స్పానిష్ కూడా నేర్చుకున్నారు. నోరెత్తే హక్కే లేని బానిసగా వచ్చిన ఆ యువతి లేకుండా పైన చెప్పిన సంధులలో ఒక్కటి కూడా కుదిరేది కాదు. ఆమెను ఒక్క వాక్యంతో దాటవేయవద్దని మనవి.

ప్రజారోగ్య_వైద్యుడు (హైదరాబాద్)

మశూచి సంగతి నేను చెబుతాను. 1520లో కోర్టెస్‌ను బంధించడానికి క్యూబా గవర్నరు పంపిన నార్వాయెజ్ దళంతో ఆ వ్యాధి మెక్సికో తీరంలో అడుగుపెట్టిందని సాధారణంగా చెబుతారు. స్పానియార్డులలో చాలామందికి చిన్ననాడే సోకి తగ్గిపోయిన వ్యాధి అది. అక్కడి జనానికి మాత్రం తరతరాలుగా దాని ఊసే తెలియదు. అజ్టెక్ చక్రవర్తి మోక్టెజుమా తరువాత గద్దెనెక్కిన క్విట్లావాక్ కొద్ది వారాల పాలనలోనే దానికి బలయ్యాడు. మంచం మీద పక్కకు ఒరగలేని స్థితిలో జనం పడి ఉండగా, అన్నం పెట్టే దిక్కు లేక ఆకలితో చనిపోయినవారు ఎందరో ఉన్నారని నహువాటిల్ మాట్లాడే నహువా పెద్దల జ్ఞాపకాలలో నమోదైంది. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడకేస్తే వ్యాధి కన్నా ఆలనాపాలనా లేకపోవడమే ప్రాణం తీస్తుందని నా వృత్తిలో కూడా చూశాను. పోలేరమ్మకు మొక్కుకుంటూ ఆ జబ్బును దాటిన మన పెద్దవారికి ఈ భయం కొత్త కాదు.

కానీ నెపమంతా క్రిమి మీదకు నెట్టడం అన్యాయం. 16వ శతాబ్దం పొడుగునా జనాభా కుప్పకూలడానికి వెట్టిచాకిరీ, కప్పం, చెదిరిన పంటలు కూడా కారణమే. ఒళ్లు హూనమైన మనిషికి ఏ జబ్బు అయినా ప్రాణాంతకమే అవుతుంది.

కొండబాట (కుస్కో చూసివచ్చాను)

పెరూలో అంతఃకలహం ముందే రగులుతోంది. 1532 నవంబరు 16న కహమార్కాలో స్పెయిన్ సేనాని పిజారో 168 మందితో, ‘ఇంకా’ అనే సామ్రాజ్యపు చక్రవర్తి అతవాల్పాను బంధించేనాటికి, అతవాల్పా తన సవతి సోదరుడు వాస్కార్‌తో జరిగిన యుద్ధంలో అప్పుడే గెలిచి ఉన్నాడు. ఒక గది నిండా బంగారం తెప్పించి ఇచ్చినా, 1533లో అతడిని చంపివేశారు. ఆ బంగారమంతా కళాఖండాలే, కరిగించి ముద్దలు చేశారు. అయినా ఇంకాలు అంతటితో లొంగలేదు. విల్కబాంబా అడవుల్లో వారి రాజ్యం 1572 వరకు నిలిచింది. పాఠ్యపుస్తకాలు ఆ 40 ఏళ్లను పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకాల రాజధాని కుస్కోలో కొరికాంచా అనే సూర్యాలయం గోడల మీదే స్పానియార్డులు సన్యాసుల మఠం కట్టారు. 1950 భూకంపానికి మఠంలో చాలా భాగం కూలిపోగా, కిందనున్న ఇంకాల రాతిగోడలు చెక్కుచెదరలేదు. సున్నం లేకుండా రాయికి రాయి అరగదీసి అమర్చిన ఆ అతుకుల్లో వేలిగోరు కూడా దూరదు.

సెవిల్‌_నివాసి

ఇక్కడ స్పెయిన్‌లోని సెవిల్‌లో 1785లో స్థాపించిన ఇండీస్ (అమెరికా వలసల) పత్రాల భాండాగారం ఉంది. స్పెయిన్ పక్షాన పోరాడిన వారందరికీ ట్లాస్కాలాకు దొరికిన మేలు దొరకలేదు. కోర్టెస్‌కు సాయపడిన ఉయెహోట్సింగో పట్టణపు పెద్దలు, తమ మీద మోయలేని కప్పం వేశారని మొరపెట్టుకుంటూ 1560లో రాజు రెండవ ఫిలిప్‌కు తమ నహువాటిల్ భాషలోనే లేఖ రాశారు. బోధనకు అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

ఇంకొక్క మాట. 1545 నుంచి, నేటి బొలీవియాలోని పొటోసి కొండలో ఆండియన్ ప్రజల చేత వెట్టిగా తవ్వించిన వెండి, నాణేలుగా మారి యూరప్ చేరేది. మన కోరమండల్ తీరపు బట్టలు కొనడానికి డచ్చి, ఇంగ్లీషు వర్తకులు 17వ శతాబ్దంలో మచిలీపట్నం తెచ్చిన వెండికి అమెరికా గనులు ఒక ముఖ్య మూలం.

చరిత్ర_మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ఈసారి ఉయెహోట్సింగో లేఖతో మొదలుపెట్టి, వీరు ఎందుకు సాయం చేశారు, తరువాత ఏం పొందారు అని విద్యార్థులనే అడుగుతాను. బొబ్బిలి, మచిలీపట్నం ఆ తరువాత వస్తాయి. సెవిల్ మిత్రులూ, భాండాగారం పత్రాల చిత్రాలను ఇక్కడి నుంచి చూసే వీలుందా?

సెవిల్‌_నివాసి

ఉందండీ. స్పెయిన్ ప్రభుత్వ పత్రాల పోర్టల్ ‘పారెస్’లో చాలా పత్రాలను ఉచితంగా చూడవచ్చు. ఆనాటి చేతిరాత చదవడం కష్టం కాబట్టి, ముందుగా పటాలు, చిత్రాల విభాగం పిల్లలకు చూపించండి.