ఫోన్లు వచ్చాక రోమియో జూలియెట్ కథ ఎలా నిలబడుతుంది?

హనుమకొండ_లెక్చరర్:

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఈసారి కాలేజీ డేకి మా పిల్లలు రోమియో జూలియెట్‌ని తెలుగులో, ఇప్పటి కథగా వేస్తామన్నారు. గంట నాటకం. సగం దాకా హుషారుగా రాసేశారు. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాం.

మూలంలో జూలియెట్ నలభై రెండు గంటలు శవంలా పడి ఉండే మందు తాగుతుంది. ఆ సంగతి రోమియోకి చేరవేయమని ఫ్రయర్ లారెన్స్ ఇంకో సన్యాసి చేతికి ఉత్తరం ఇస్తాడు. ఆ సన్యాసి ప్లేగు సోకిన ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో ఊరివాళ్ళు తలుపులు మూసేసి బయటికి పోనివ్వరు. ఉత్తరం అందదు, జూలియెట్ నిజంగానే చనిపోయిందనుకుని రోమియో విషం తాగుతాడు. కరోనా తర్వాత క్వారంటైన్ గురించి క్లాసులో వివరించాల్సిన పని లేకుండా పోయింది. కానీ సెకండియర్ అమ్మాయి ఒకతె అడిగింది: "మేడమ్, వాట్సాప్‌లో ఒక్క వాయిస్ మెసేజ్ పెడితే అయిపోయేది కదా?"

సిగ్నల్ లేదనీ, ఫోన్ పోయిందనీ, బ్యాటరీ అయిపోయిందనీ రకరకాలుగా రాసి చూశారు. ఇద్దరి ప్రాణాలు చార్జర్ మీద ఆధారపడటం నాకు నచ్చలేదు. మన సినిమాల్లో ఈ ముడిని ఎవరైనా సరిగ్గా విప్పారా? ఇషక్‌జాదే (2012), రామ్‌లీలా (2013) పిల్లలతో కలిసి చూశాను. రెండింటిలోనూ చివరికి ఆ జంట ఒకరినొకరు కాల్చుకుంటారు. ఉత్తరం ఊసే ఉండదు.

భీమిలి_రోడ్:

మరో చరిత్ర చూపించండి మేడమ్. 1978, బాలచందర్. మా విశాఖలో తీశారు. అబ్బాయి తమిళం, అమ్మాయి తెలుగు, పక్కపక్క ఇళ్ళు. ఏడాది పాటు కలుసుకోకుండా, మాట్లాడుకోకుండా ఉంటే అప్పుడు పెళ్ళి చేస్తామని పెద్దలు షరతు పెడతారు. అంటే అక్కడ ఉత్తరం దారి తప్పదు, ఉత్తరమే నిషేధం. మీ పిల్లలు అలాంటి షరతు ఒకటి పెట్టుకుంటే ఫోన్ సమస్య తీరిపోతుంది. మూడేళ్ళ తర్వాత హిందీలో ఏక్ దూజే కే లియే అని మళ్ళీ ఆయనే తీశారు గానీ నాకు మన నలుపు తెలుపుదే ఇష్టం.

సోలాపూర్_మగ్గం:

మేడమ్, నమస్కారం. నేను సోలాపూర్ నుంచి రాస్తున్నాను. మా తాతలు సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. మీరు అడిగినదానికి జవాబు మా జిల్లాలో పుట్టిన సినిమాలోనే ఉంది. సైరాట్, 2016. తీసిన నాగరాజ్ మంజుళే మా కర్మాళా తాలూకా మనిషి. ఆర్చీగా వేసిన రింకూ రాజ్‌గురుది అక్లూజ్, అదీ మా జిల్లాయే. ఆ సినిమాలో మాట్లాడే మరాఠీ మేం రోజూ బస్టాండులో వినే మరాఠీ.

ఊళ్ళో పెద్దకులం పాటిల్ కూతురు ఆర్చీ, తక్కువ కులమని చూసే, చేపలు పట్టే ఇంటి కొడుకు పర్ష్యా. ఊళ్ళో ఉండలేక పారిపోయి ఎక్కడికి వస్తారో తెలుసా, మీ హైదరాబాద్‌కే. ఇక సగం సినిమా అక్కడే. దోసెల బండి నడిపే సుమన్ అక్క వాళ్ళకి మురికివాడలో ఒక గది చూపిస్తుంది. అబ్బాయి దోసెలు వేస్తాడు, అమ్మాయి బాటిళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరి కష్టపడి తెలుగు నేర్చుకుంటుంది. ఊళ్ళో ట్రాక్టర్ నడిపిన పిల్ల, బుల్లెట్ మీద తిరిగిన పిల్ల, ఇక్కడ డ్రైనేజీ వాసన భరించలేక ఏడుస్తుంది. మధ్యలో ఇద్దరూ ఘోరంగా పోట్లాడుకుంటారు కూడా. ఇది నాకు చాలా ముఖ్యమైన భాగం. పారిపోయిన తర్వాత అద్దె, అన్నం, అనుమానం, ఇంటి మీద బెంగ ఎలా ఉంటాయో ఇంత ఓపిగ్గా చూపించిన ప్రేమకథ నేను ఇంకోటి చూడలేదు. రోమియో జూలియెట్‌కి ఆ టైమే దొరకలేదు. వాళ్ళ కథంతా నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది.

ఇక మీ ఉత్తరం సంగతి. రిజిస్టర్ పెళ్ళి అయ్యాక, బాబు పుట్టాక, కాస్త కుదురుకున్నాక ఆర్చీ తల్లికి ఫోన్ చేస్తుంది. మాటలు కలుస్తాయి. తర్వాత ఒకరోజు ఆమె అన్న మనుషులతో గుమ్మంలోకి వస్తాడు, చేతుల్లో అమ్మ పంపిన కానుకలు. ఆర్చీ టీ పెడుతుంది. ఆ తర్వాత ఆ వచ్చినవాళ్ళే ఆర్చీనీ పర్ష్యానీ చంపేస్తారు.

వెరోనాలో కబురు అందక పోయారు. ఇక్కడ అందిన కబురే ప్రాణం తీసింది. ఫోన్ ఉన్న కాలంలో ఈ కథ ఎలా జరుగుతుందో మంజుళే ఇంత సూటిగా చెప్పాడు. ఫోన్ కలవకపోవడం మనకు సమస్య కాదు మేడమ్. అమ్మ నంబర్ నోటికి వచ్చి ఉండటం, పిల్లవాడి గొంతు ఒక్కసారి ఆమెకు వినిపించాలనిపించడం, దాన్ని ఆపుకోలేకపోవడం, అదీ సమస్య. సోలాపూర్‌లో చూసినప్పుడు హాల్లో ఆడవాళ్ళు ఆ కానుకల సంచులు చూసి "ఆలే, ఆలే" అని సంతోషించారు. వచ్చేశారు, పుట్టింటివాళ్ళు వచ్చేశారని. మా దగ్గర దీపావళికి భావుబీజ్ రోజు అన్న కానుక ఇస్తాడు. అన్న సంచితో గుమ్మంలో నిలబడటం కంటే ఒక ఆడపిల్లకి శుభం ఇంకేముంటుంది? మంజుళేకి ఆ సంగతి తెలుసు, దాన్నే వాడాడు. అందుకే అది అంత నొప్పి పెడుతుంది.

దీన్నే హిందీలో ధడక్ (2018) అని తీశారు. ఊరు ఉదయ్‌పూర్, పారిపోయేది కోల్‌కతా. కులం మాట ఒకటి రెండు చోట్ల వచ్చి వెళ్ళిపోతుంది. చివర్లో భర్తనూ బిడ్డనూ పై అంతస్తు నుంచి పడేస్తారు, అమ్మాయి బతుకుతుంది. కావాలంటే రెండింటి ముగింపులూ పక్కపక్కన పెట్టి చూపించండి. ధడక్‌లో అరుపు ఉంది. సైరాట్‌లో శబ్దమే తీసేశారు, చంపడం కూడా చూపించలేదు. ధడక్ చూసి నాకు కోపం వచ్చింది. ఎందుకు చచ్చారో గట్టిగా చెప్పే ధైర్యం లేనప్పుడు ఆ చావుని మాత్రం చూపించడం ఎందుకు?

షేక్స్‌పియర్ ఆ రెండు ఇళ్ళ పగకి కారణం చెప్పలేదు, పాతపగ అని వదిలేశాడు. వెరోనాలో అది చెల్లింది. మన దగ్గర పగ అంటే చూసేవాడు వెంటనే "ఏమిటోళ్ళు?" అని అడుగుతాడు. దానికి జవాబు ఇచ్చిన సినిమాయే నిలబడింది. రామ్‌లీలాలో రెండు వంశాలు, తుపాకుల బజారు, రంగులు అన్నీ ఉన్నాయి, ఎందుకు కొట్టుకుంటున్నారో మాత్రం నాకు లోపలికి దిగలేదు.

రంగస్థలి:

సోలాపూర్ గారూ, మీరు రాసింది మనసుకు పట్టింది, కానీ ఒక అభ్యంతరం. సైరాట్ రోమియో జూలియెట్ ఎలా అవుతుంది? అక్కడ ఇద్దరూ పొరపాటు వల్ల తమ చేతులతో తామే చనిపోతారు. ఆ పొరపాటే నాటకానికి ప్రాణం. ఇక్కడ జరిగింది హత్య. రెండింటినీ ఒకే గాట కడితే హత్యని కూడా "విధి" అనేసే ప్రమాదం ఉంది. 2018లో మిర్యాలగూడలో కులం పేరుతో ప్రణయ్‌ని ఎలా చంపించారో మనందరికీ తెలుసు. దాన్ని ఎవరైనా విషాద ప్రేమకథ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకొకటి. రామ్‌లీలాని అంత తేలిగ్గా తీసేయకండి. సుప్రియా పాఠక్ వేసిన తల్లి, ఉంగరం తియ్యనన్నందుకు కూతురి వేలు నరికే సీన్ గుర్తుందా? మూలంలో పెళ్ళికి ఒప్పుకోకపోతే వీధిలో చావమని కూతుర్ని తిట్టేది తండ్రి. ఇక్కడ ఆ అధికారం తల్లి చేతిలో పెట్టారు. అది మంచి మార్పు. మేడమ్ నాటకంలో తల్లి ఎటువైపు ఉంటుందో ముందే తేల్చుకోవాలి.

సోలాపూర్_మగ్గం:

మిర్యాలగూడ విషయంలో మీతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. విధి అనకూడదు, ఎవరైనా అంటే ఊరుకోకూడదు కూడా. నేను పోలిక తెచ్చింది కథ నడకకి. పొరపాటు స్థానంలో ఆ దర్శకుడు మనిషిని పెట్టాడు, నాకు అది మూలం కంటే నిజాయితీగా కనిపిస్తుంది. ముగింపు కూడా చూడండి. వెరోనాలో తండ్రులిద్దరూ చేతులు కలిపి, పిల్లలకి బంగారు విగ్రహాలు చేయిస్తామంటారు. సైరాట్‌లో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు. మా జిల్లాలో నేను చూసినంతవరకు అదే జరుగుతుంది.

తల్లి విషయం మీరన్నది నిజం. సైరాట్‌లో అడ్రస్ ఎలా తెలిసిందో చెప్పరు. తల్లి చెప్పిందా, బలవంతంగా చెప్పించారా, ఆమెకి తెలియకుండా కనుక్కున్నారా? మేడమ్, నా సలహా ఏమిటంటే మీరూ చెప్పకండి. తల్లిని స్టేజి మీదకి తేవద్దు, గొంతు మాత్రం వినిపించండి. ఆ గొంతులో ప్రేమ నిజమైనదే అయి ఉండాలి. నటించే అమ్మాయికి "నువ్వు మోసం చేస్తున్నావు" అని చెప్తే సీన్ పాడైపోతుంది.

హనుమకొండ_లెక్చరర్:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రే పిల్లల గ్రూపులో ఇవన్నీ పెట్టాను. చార్జర్ సీను తీసేశారు. వాయిస్ మెసేజ్ గురించి అడిగిన అమ్మాయే కొత్త సీను రాసింది: తల్లి ఫోన్ చేసి "ఒడిబియ్యం పోస్తాను, ఒక్కసారి వచ్చిపోవే" అంటుంది. తెలంగాణలో ఆ పిలుపు వస్తే ఏ కూతురూ రానని అనలేదు, కాబట్టి భావుబీజ్‌కి బదులు మాకు అదే సరిపోతుంది. తల్లి కనిపించదు, గొంతే.

రంగస్థలి గారూ, "విధి" అనే మాట స్క్రిప్టులో రెండు చోట్ల ఉంది, కొట్టేయించాను. ఇంకా తేలనిది ఒకటే. రెండు కుటుంబాల కులాల పేర్లు స్టేజి మీద పలకాలా అని కాలేజీలో టెన్షన్ పడుతున్నారు, "రెండు వర్గాలు" అని రాయమంటున్నారు. నేను పలకాల్సిందే అంటున్నాను. రేపు మీటింగ్ ఉంది. కాలేజీ నాటకాల్లో ఇలాంటిది వేసి ఒప్పించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా మాట్లాడారో ఈ రాత్రికే రాయండి.