లక్షన్నర ఉంది: కొత్త బుక్‌షెల్ఫ్ స్పీకర్లా, ముందు స్టాండ్లా? (బెంగళూరు, టూ బీహెచ్‌కే హాలు)

హాల్లోమూల:
అందరికీ నమస్తే. ఉండేది మారతహళ్ళి దగ్గర, రెండు బెడ్రూముల ఫ్లాటు, హాలు 11 అడుగుల వెడల్పు 15 అడుగుల పొడుగు, కింద అంతా టైల్సు, ఒక పక్క బాల్కనీ గాజు తలుపు. యాంప్ మరాంట్జ్ పీఎం6006, 45 వాట్లది, ఐదేళ్ళుగా వాడుతున్నా, దాంతో ఏ పేచీ లేదు. స్పీకర్లు మాత్రం అప్పట్లో ఏమీ తెలీక కొన్నవి, 5 అంగుళాల వూఫరు (బేస్ పలికేది), పోర్టు (గాలి పోయే కన్నం) వెనకాల, టీవీ యూనిట్ మీద టీవీకి అటొకటి ఇటొకటి పెట్టా, గోడకి నాలుగు వేళ్ళ దూరం. ఇప్పుడు బాధేంటంటే మృదంగం తొప్పి (ఎడమ పక్క, బేస్ పలికే వైపు) మీద దెబ్బ పడితే ఒకటే గుబగుబ, ఏ దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలీదు, పాడేవాళ్ళ గొంతు డబ్బాలో కూర్చుని పాడినట్టుంటుంది. బోనస్ వచ్చింది, ఇంట్లో ఒప్పించి లక్షన్నర పక్కన పెట్టా. కెఫ్ ఎల్‌ఎస్50 మెటా మీద మనసు పడింది, వార్ఫ్‌డేల్ లింటన్ కూడా చూశా. ఏది తీసుకోమంటారు? స్టాండ్ల సంగతి తర్వాత, ప్రస్తుతానికి యూనిట్ మీదే పెడతా.

బొంత బాబాయ్:
"ప్రస్తుతానికి యూనిట్ మీదే పెడతా" దగ్గరే ఆగిపోయా తమ్ముడూ. పోర్టు వెనకున్న స్పీకర్ని గోడకి నాలుగు వేళ్ళ దూరంలో, అదీ బోలుగా ఉండే ప్లైవుడ్ పెట్టె మీద పెట్టి, గుబగుబ అంటోంది అంటే అనదా మరి? ఇప్పుడు నువ్వు లక్ష పైన పోసి ఇంకోటి తెచ్చి అదే చోట పెడితే అది కూడా గుబగుబే అంటుంది, కాకపోతే ఖరీదైన గుబగుబ. ముందు పైసా ఖర్చు లేకుండా ఒక పని చెయ్. ఇంట్లో స్టీలు స్టూళ్ళు రెండుంటాయిగా, వాటి మీద పెట్టి గోడ నుంచి రెండడుగులు ముందుకి లాగు. పాత హవాయి చెప్పులుంటే కోసి ముక్కలు కింద పెట్టు, జారకుండా ఉంటాయి. వెనక గోడకి ఒక బొంత వేలాడదీయ్. వారం విను. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే అప్పుడు మాట్లాడదాం.

గ్రాఫుగాడు:
మొదలైంది, బొంత వైద్యం 😄 బాబాయ్, ప్లేస్‌మెంట్ ముఖ్యమే, కాదన్లేదు, కానీ "రూమే అన్నీ" అనే మాట నేనొప్పుకోను. సుమారు 200, 300 హెర్ట్జ్ కింద, అంటే బేస్ స్వరాల్లో, రూమ్ రాజ్యమే, అక్కడ ఏ స్పీకరైనా గది చెప్పినట్టు వినాల్సిందే. దాని పైన మాత్రం స్పీకరు గుణమే వినిపిస్తుంది. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ అనే శబ్ద శాస్త్రవేత్త, తర్వాత హార్మన్ కంపెనీలో ఆయన జట్టు, స్పీకరు కనపడకుండా తెరకట్టి ఏళ్ళ తరబడి జనానికి వినిపించారు. ఎదురుగా ఏ స్వరాన్నీ ఎక్కువతక్కువ చేయకుండా పలుకుతూ, పక్కలకి వెళ్ళే శబ్దం కూడా అదే తీరులో నెమ్మదిగా తగ్గే స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చారు. టైల్సు, గాజు ఉన్న హాల్లో పక్కకెళ్ళిన శబ్దమంతా తిరిగి మన చెవికే వస్తుంది, ఆ పక్క శబ్దమే చెడ్డదైతే ఎన్ని బొంతలు కడతారు? అన్న చెప్పిన దాంట్లో రెండు కంప్లైంట్లున్నాయి. తొప్పి గుబగుబ రూముది. గొంతు డబ్బాలో ఉన్నట్టుండటంలో స్పీకరు వాటా కూడా ఉండొచ్చు.

నా ఓటు ఎల్‌ఎస్50 మెటాకి. ట్వీటరు (పై స్వరాలు పలికేది) వూఫరు నడిమధ్యలో కూర్చుంటుంది, కెఫ్ వాళ్ళు యూనీ-క్యూ అని 1988 నుంచి చేస్తున్నదే, అందువల్ల నువ్వు కూర్చున్నా లేచినా సోఫా చివరికి జరిగినా స్వరం మారదు. 2020లో వచ్చిన ఈ మెటాలో ట్వీటరు వెనక చిక్కుదారులున్న ఒక బిళ్ళ పెట్టారు, వెనక్కెళ్ళే శబ్దాన్ని అదే మింగేస్తుంది.

సోల్డర్‌గన్:
మెటా సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందో, 85 డీబీయే (డెసిబెల్). 45 వాట్ల యాంప్‌తో లాగుతుందా? ఇంపీడెన్సు (కరెంటుకి స్పీకరిచ్చే అడ్డు) పేరుకి 8 ఓమ్సు, కిందకి 3.5 దాకా దిగుతుంది, అది తగ్గేకొద్దీ యాంప్‌కి కష్టం. లింటన్ 90 డీబీ, 8 అంగుళాల వూఫరు, మూడు డ్రైవర్లు (వూఫరు, ట్వీటరు లాంటి శబ్దం చేసే భాగాలు). అదే యాంప్ దానికి తగిలిస్తే హాయిగా నవ్వుతూ పాడుతుంది. 5 డీబీ తేడా అంటే అంతే గట్టిగా వినడానికి మూడు రెట్ల పైన వాట్లు కావాలి, చిన్న విషయం కాదు గురూ.

గ్రాఫుగాడు:
లెక్క చూద్దాం రండి. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటాడు, 85లోంచి దూరానికి తొమ్మిదిన్నర తీసెయ్, రెండు స్పీకర్లకి మూడు కలుపు, ఒక్క వాటుకే 78 పైన వస్తోంది, గది గోడలు ఇంకాస్త కలుపుతాయి. 45 వాట్లకి ఇంకో పదహారు కలిపితే 95 దగ్గర. బెంగళూరు ఫ్లాట్లో 95 డీబీ పెడితే పాట అయ్యేలోపు వాచ్‌మన్ వచ్చి బెల్లు కొడతాడు. కంపెనీ కూడా 40 వాట్ల నుంచి 100 దాకా అనే రాసుకుంది. పెద్ద హాలైతే నీతోనే ఉంటా, ఈ గదికి చాలు.

అసలు లింటన్ సైజు చూశావా? ఒక్కోటి 18 కిలోలు, ఎత్తు రెండడుగులకి కాస్త తక్కువ. దాన్ని 11 అడుగుల హాల్లో గోడకి దూరంగా పెడితే ఇంట్లో మనుషులు పక్కకి తిరిగి నడవాలి.

టీనగర్ తాత:
చెన్నై నుంచి ఒక ముసలి మాట. మీరంతా ఎల్‌ఎస్50 అంటున్నారు, దాని తాతెవరో చెప్పరేం? బీబీసీ వాళ్ళ ఎల్‌ఎస్3/5ఏ. 1970లలో బయట ప్రసారాలకెళ్ళే వ్యాన్లో ఇరుకు చోట పెట్టుకుని, అనౌన్సరు గొంతు సరిగ్గా వస్తోందా లేదా చూసుకోడానికి చేయించుకున్నారు. అందులో డ్రైవర్లు కూడా కెఫ్ వాళ్ళవే. కెఫ్‌కి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2012లో దాన్ని తలుచుకుంటూ చేసిందే ఎల్‌ఎస్50. తేడా ఏంటంటే తాతకి పోర్టు లేదు, పూర్తిగా మూసిన పెట్టె, గోడ దగ్గర పెట్టినా మర్యాదగా ఉంటుంది. మనవడికి వెనక పోర్టు. కాబట్టి బాబూ, యూనిట్ మీద గోడకానించి పెడతానంటే మాత్రం పోర్టు లేనిదో, పోర్టు ముందున్నదో చూసుకో, ఎలాక్ డెబ్యూ బీ6.2 లాంటిది, ధరా తక్కువే.

ఇంకోటి, ఎవరైనా సెకండ్‌హ్యాండ్ అంటే జాగ్రత్త. మా ఊరి ఉప్పుగాలికి, ఉక్కకి వూఫరు చుట్టూ ఉండే ఫోమ్ కొన్నేళ్ళకే పిండైపోతుంది. వేలు పెడితే అటుకుల్లా రాలుతుంది. రబ్బరు సరౌండైతే పరవాలేదు. నేను అలా ఒక జత తెచ్చుకుని, ఫోమ్ మార్పించి, ఆ మార్చినాయన మధ్యలో సరిగ్గా కూర్చోబెట్టక లోపలి తీగచుట్ట (కాయిల్) రాసుకుని, మొత్తానికి స్పీకర్ల ధర రిపేరుకే అయింది.

వీణక్లాసు:
అందరూ వాట్లు, డీబీలు మాట్లాడుతున్నారు గానీ ఆయన అడిగింది మృదంగం, గొంతు గురించి కదండీ. నేను చెప్పేది షోరూముకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది. వాళ్ళు వినిపించేది వినకండి. ఏ షోరూములో చూసినా ఒకే రకం, ఇంగ్లీషు ఆడమనిషి గొంతు, పక్కన గిటారు, అది వంద రూపాయల స్పీకర్లో కూడా బానే ఉంటుంది. మీ ఫోన్లో మూడు పట్టుకెళ్ళండి. ఒకటి, ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగు (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది). రెండు స్పీకర్లూ సరిగ్గా ఉంటే గొంతు మధ్యలో ఒక్క చోట, మనిషి నోరంత వెడల్పులో నిలబడాలి. అటూ ఇటూ పరుచుకుందంటే స్పీకర్లు ఒకదానికొకటి జత కుదర్లేదు, లేదా పెట్టిన తీరు బాలేదు. రెండు, ఉత్త తంబురా. తీగ కింద దారం సర్దినప్పుడు వచ్చే ఆ ఝుమ్మనే నాదం తీగలా సాగాలి, తేనెటీగలా కుట్టకూడదు. ట్వీటరు ఏ స్వరాన్నైనా ఎక్కువ చేసి పలికితే రెండు నిమిషాలకే చెవి పోటు వస్తుంది. మూడు, తని ఆవర్తనం (కచేరీలో మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం), ఎందుకో చెప్పక్కర్లేదు.

మా క్లాసులో చిన్న ఎలాక్‌లే ఉన్నాయి, స్టాండ్లు వడ్రంగి చేత చేయించాం. పిల్లలు కింద కూర్చుంటారు కాబట్టి పొట్టి స్టాండ్లు. ట్వీటరు వినేవాళ్ళ చెవి ఎత్తున ఉండాలి, అందరూ 24 అంగుళాలు అంటే మనం కూడా 24 అంగుళాలు చేయించుకోవడం కాదు, మీ సోఫాలో కూర్చుని చెవి దాకా టేపు పెట్టి కొలుచుకోండి.

బొంత బాబాయ్:
వీణక్లాసు అక్క చెప్పింది లక్ష రూపాయల మాట.

హాల్లోమూల:
సరే, తిట్టకండి, బాబాయ్ మాట విన్నా. ఆదివారం మా ఆవిడ పుట్టింటికెళ్ళింది కదాని స్టూళ్ళు లాగా. చెప్పులు కోయడానికి మనసు రాక పాత మౌస్‌ప్యాడ్ కోశా. గోడ నుంచి రెండడుగులు, రెండింటి మధ్య ఆరడుగులు. వెనక మా అమ్మ తెచ్చిన బొంత, పాత చీరలతో కుట్టింది, కర్టెన్ రాడ్డుకి తగిలించా. హాలు చూస్తే ఎవరో కాపురం ఖాళీ చేస్తున్నట్టుంది.

కానీ నిజం చెప్పాలి, తొప్పి విడిపోయింది. దెబ్బ పడటం, దాని వెనక ఆ గుమకం, మళ్ళీ ఇంకో దెబ్బ, అన్నీ వేరువేరుగా. ఇన్నాళ్ళూ ఈ స్పీకర్లలోనే ఉందా ఇదంతా అనిపించి కాసేపు పిచ్చోడిలా కూర్చున్నా. బేస్ మొత్తంగా కొంచెం తగ్గింది, అది మాత్రం వెలితే. మోనో గొంతు మధ్యలోకి వచ్చింది, నోరంత అని చెప్పలేను, ఒక పళ్ళెమంత ఉంది.

గ్రాఫుగాడు:
బేస్ తగ్గింది కాదన్నా, గోడ అప్పిచ్చిన బేస్ గోడ వెనక్కి తీసుకుంది. 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్ దగ్గర, 15 అడుగుల పొడుక్కి 38 దగ్గర, దానికి రెట్టింపు 75 దగ్గర నీ హాలు మోగుతుంది. సోఫా వెనక గోడకి ఆనించి ఉంటే అక్కడ ఆ మోతలన్నీ పోగవుతాయి. సోఫా ఒక అడుగు ముందుకి జరుపు, మళ్ళీ విను. ఆర్‌ఈడబ్ల్యూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, కొలత మైకు ఎవరి దగ్గరైనా అప్పు తీసుకో, ఏ స్వరం దగ్గర గది ఎంత మోగుతుందో గీత గీసి చూపిస్తుంది. ఇంకా చెప్తున్నా, గొంతు పళ్ళెమంత ఉందన్నావే, దాన్ని బొట్టంత చేసేది స్పీకరే. స్టూళ్ళ మీద మెటాలు పెట్టి విను, అప్పుడు మాట్లాడదాం.

సోల్డర్‌గన్:
స్టాండ్లకి షోరూముల్లో ఇరవై వేలు అంటారు, అక్కర్లేదు. ఏ వెల్డింగ్ షాపుకైనా వెళ్ళి ఇనప చదర పైపు కోయించు, పైనా కిందా రేకు పలక. గ్రానైట్ కావాలంటే జిగని వైపు యూనిట్లలో వేస్ట్ ముక్కలు దొరుకుతాయి, కింద దిమ్మకి బ్రహ్మాండంగా ఉంటుంది. పైపులో ఇసుక పోస్తే మోగడం ఆగిపోతుంది. కానీ ఇసుక ఎండబెట్టి పోసుకో బాబూ, నేను పచ్చిగా పోసి మూత వెల్డింగ్ చేయిస్తే ఆరునెలలకి కింద నుంచి తుప్పు కారి టైల్ మీద మరక పడింది, ఓనరు డిపాజిట్లో కోశాడు.

హాల్లోమూల:
అప్‌డేట్. స్టాండ్లు అయ్యాయి, వెల్డింగ్ షాపాయన కొలతలు చూసి "తులసి కోటకా సార్, మరీ సన్నగా ఉందే" అన్నాడు. నా చెవి ఎత్తు 37 అంగుళాలు, ట్వీటరు లెక్కేస్తే స్టాండు 27 వచ్చింది. ఇసుక డాబా మీద రెండ్రోజులు ఎండబెట్టా, పక్కింటి పిల్లలు వచ్చి గూళ్ళు కట్టుకున్నారు. గ్రానైట్, పైపు, కూలీ అన్నీ కలిపి ఆరు వేల లోపే.

మొన్న శనివారం ఒకచోట మెటా విన్నా, వీణక్లాసు గారి మూడు పాటలతో. గ్రాఫుగాడు అబద్ధం చెప్పలేదు, మోనో గొంతు నిజంగానే బొట్టంత అయింది, తంబురా ఎంతసేపు విన్నా విసుగు రాలేదు. కానీ వాళ్ళ గది నాలుగు గోడలకీ ప్యాడింగు కొట్టి ఉంది, మా ఇంట్లో ఎంత మిగులుతుందో తెలీదు. ఇంటికి రెండ్రోజులు ఇస్తారా అంటే అడ్వాన్సు కట్టమన్నారు, వచ్చే శనివారం తెస్తున్నా. లింటన్ వద్దనుకున్నా, మా ఆవిడ ఫొటో చూసి "ఇది బీరువానా" అంది.

బొంత బాబాయ్:
తెచ్చినప్పుడు పాతవీ కొత్తవీ ఒకే స్టాండ్ల మీద, ఒకే చోట, వాల్యూమ్ సమానంగా పెట్టి విను. కొంచెం గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది ఎవడికైనా, ఆ మోసంలో పడకు.

టీనగర్ తాత:
కళ్ళు మూసుకుని కూడా విను. బిళ్ళ సంగతి మర్చిపోయి.

హాల్లోమూల:
అలాగే. ఒక చిక్కొచ్చి పడింది. అమ్మ నిన్న ఊరికెళ్తూ బొంత మడతపెట్టి సంచిలో పెట్టేసుకుంది, "గోడకి కప్పుకోడానికా కుట్టింది నేను" అని. పొద్దున హాల్లో చప్పట్లు కొట్టి చూస్తే మళ్ళీ ఆ టింగుమనే మోత వచ్చేసింది. శనివారంలోపు చిక్‌పేటలో ఆ మందంలో ఏమన్నా దొరుకుతుందా, ఎవరికైనా షాపు తెలుసా?