గుఱ్ఱమా, గుర్రమా: కేటలాగులో ఏమని వెతకాలి?

ప్రశ్న: గ్రంథాలయ కేటలాగు మార్క్ రికార్డులను (కంప్యూటర్ చదవగలిగే పుస్తక వివరాలను) యాజ్-మార్క్‌డంప్ అనే ప్రోగ్రాంతో మామూలు పాఠంగా మార్చుకుని, కమాండ్ లైన్‌లో గ్రెప్ అనే వెతికే ప్రోగ్రాంతో వెతుకుతున్నానండీ. ‘గుర్రం’ అని కొడితే ‘గుఱ్ఱము’ అని ఉన్న పాత శీర్షికలు ఒక్కటీ రావడం లేదు. రికార్డుల్లోనే బండిరా (ఱ)లన్నిటినీ మామూలు రేఫగా మార్చేయవచ్చా?

జవాబు: దయచేసి మార్చకండి. లోపలి శీర్షిక పుట మీద ఎలా అచ్చయిందో అలాగే నమోదు కావాలి. రెండు ముద్రణలను వేరుగా గుర్తుపట్టడానికి ఒక్కోసారి ఆ బండిరాయే ఆధారం. మార్క్‌లో అసలు శీర్షికకు 245, దాని మరో రూపానికి 246 అని వేరువేరు ఫీల్డులున్నాయి. కొత్త వర్ణక్రమాన్ని 246లో చేర్చండి, 245 జోలికి పోవద్దు.

ఇక వెతకడం. యూనికోడ్‌లో ర, ఱ వేరువేరు అక్షరాలు, వాటి చుట్టరికం గ్రెప్‌కు తెలియదు. మనమే చెప్పాలి. ఈగ్రెప్ (గ్రెప్‌లోనే మరో తరహా) నమూనాగా గు(ఱ్ఱ|ర్ర) అని ఇవ్వండి; నిలువుగీత అంటే ‘ఇదైనా, అదైనా’ అని. చివర ‘ము’, సున్న పెట్టకండి. విభక్తో బహువచనమో తగలగానే మన నామవాచకాల తోక మారిపోతుంది కదా: గుర్రపు, గుర్రాలు, గుర్రాన్ని. మొదలు దగ్గరే ఆగితే ఇవన్నీ వస్తాయి, ఎందుకంటే గుణింతపు గుర్తు హల్లు తర్వాత విడి కోడుగా ఉంటుంది. అదే కారణాన నిద్రలో పెట్టే ‘గుర్రు’ కూడా వస్తుంది. రానివ్వండి, కంటితో ఏరేయడం తేలిక; అసలు రాని పుస్తకాన్ని ఏరుకోలేం.

మరొకరు: అరసున్నను కూడా చూసుకోండి. చేఁ?త అని రాస్తే చేఁత, చేత రెండూ దొరుకుతాయి; ‘?’ అంటే దాని ముందున్న గుర్తు ఉన్నా సరే, లేకున్నా సరే అని. ౘ, ౙ (దంత్య చ, జలు) యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి కాబట్టి అంతకుముందు యూనికోడ్‌లో ఎక్కించిన రికార్డుల్లో చ, జ అనే వెతకాలి.

ప్రశ్న అడిగినవారు: గు(ఱ్ఱ|ర్ర) పనిచేసిందండీ, పాత శీర్షికలు వచ్చాయి. కానీ ‘సాఫ్ట్‌వేర్’ మాత్రం కళ్లెదుటే ఉన్నా చిక్కడం లేదు.

జవాబు: ‘ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు ఉందండీ. ఒకరు దాన్ని పెట్టి టైపు చేస్తారు, మరొకరు పెట్టరు. వెతకడానికి ఒక నకలు తీసి, సెడ్ అనే, పాఠాన్ని మార్చే ప్రోగ్రాంతో అందులోంచి మాత్రం ఆ గుర్తును తీసేయండి. ఐత్వమూ అలాంటిదే: ఒకే కోడుగానూ ఉండొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసి రెండుగానూ ఉండొచ్చు. నకలును ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చుకుంటే అవి ఒకటవుతాయి.