పాత 485 మీటర్లను ఈథర్‌నెట్ స్కాడాకు ఎవరెవరు ఎట్లా కలిపారు?

పటాన్‌చెరు_మెయింటెనెన్స్
అన్నలారా, మా ఫార్మా యూనిట్ల 24 ఎనర్జీ మీటర్లు ఒకే ఆర్‌ఎస్-485 లైన్ (రెండు వైర్ల మీద చాలా పరికరాలు మాట్లాడే సీరియల్ లైన్) మీద ఉన్నయి. మోడ్‌బస్ ఆర్‌టీయూ (మీటర్లను అడిగి రీడింగులు తెచ్చే ప్రోటోకాల్), సెకనుకు 9600 బిట్ల స్పీడ్. ఇన్నాళ్లు ఒక పాత పీసీ కామ్‌పోర్ట్ నుంచి చదువుతుండె. ఇప్పుడు కొత్త స్కాడా (ప్లాంట్ రీడింగులన్నీ ఒక్క కాడ చూపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి అంతా ఈథర్‌నెట్ మీదికి తెమ్మంటున్నరు. ఎట్లాంటి కన్వర్టర్ కొనాలె? ఒక పోర్టుకు ఎన్ని మీటర్లు? పాత సాఫ్ట్‌వేర్ ఇంకో ఏడాది నడవాలంటున్నరు, రెండూ ఒకేసారి అయితయా?

గాజువాక_ప్యానెల్
కన్వర్టర్ సంగతి తర్వాత, ముందు ఆ లైన్ ఎలా లాగారో చూడండి. మా దగ్గర కాంట్రాక్టరు ప్రతి మీటరుకీ ఓ కొమ్మ చీల్చి, 415 వోల్టుల కేబుల్ పక్కనే ట్రేలో పడేసి, బిల్లు తీసుకుని పోయాడు. పెద్ద మోటారు డ్రైవ్ (మోటారు స్పీడ్ మార్చే పరికరం) స్టార్టయితే సగం మీటర్లు మాయం. ఈథర్‌నెట్ పెడితే ఆ రోగం పోదు. ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకి వరసగా వెళ్లాలి, రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్ ఉండాలి. పవర్ తీసేసి మల్టీమీటర్ పెడితే 60కి కాస్త తక్కువ చూపించాలి. వంద చుట్టూ తిరిగితే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 దగ్గరుంటే మధ్యలో ఎవడో మూడోది ఆన్ చేశాడు.

జుబైల్_ఆటోమేషన్
ఇదంతా బేసిక్. రిఫైనరీల్లో తల నెరిసింది నాకు. ఏ అంటే ప్లస్, బీ అంటే మైనస్, సరిగ్గా బిగించండి, దానంతటదే నడుస్తుంది.

విజయవాడ_ఎంబెడెడ్
సార్, ఆ మాట మీద నమ్మకం పెట్టుకునే జనం రోజంతా వైర్లు తిప్పుకుంటున్నారు. 485 స్టాండర్డ్ ప్రకారం లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఏ కంటే బీ పాజిటివ్. చాలా చిప్ కంపెనీలు దానికి తలకిందులుగా రాస్తాయి. మోడ్‌బస్ డాక్యుమెంట్‌లోనేమో బీ అంటే డీ1, అదే ప్లస్.

జుబైల్_ఆటోమేషన్
పుస్తకం చదివి ప్లాంట్ నడపరు తమ్ముడూ. నేను పెట్టిన ప్రతి ప్యానెల్లోనూ ఏ అంటే ప్లస్సే.

విజయవాడ_ఎంబెడెడ్
మీ ప్యానెళ్లన్నీ ఒకే కంపెనీవైతే అలాగే ఉంటాయి. రెండు కంపెనీలవి కలిపినప్పుడు చెప్పండి మాట్లాడదాం.

జుబైల్_ఆటోమేషన్
నేను కలిపినన్ని కంపెనీల పేర్లు కూడా నువ్వు విని ఉండవు.

గాజువాక_ప్యానెల్
అబ్బా ఆపండయ్యా. అక్షరాలొదిలేసి మీటర్ పెట్టండి. మాస్టర్ (మీటర్లని అడిగే పీసీ లేదా కన్వర్టర్) పవర్ ఆన్‌లో ఉంచి, అడగడం ఆపి, రెండు వైర్ల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. ఏది ప్లస్ అయితే అది ప్లస్. 200 మిల్లీవోల్టుల కంటే తక్కువుంటే బయాస్ (ఖాళీ లైన్‌ని ఒక స్థితిలో పట్టి ఉంచే చిన్న వోల్టేజీ) లేదని అర్థం, చెత్త బైట్లు వస్తాయి. ప్లస్ వైరు నుంచి 5 వోల్టులకి 560 ఓమ్‌లు, మైనస్ వైరు నుంచి గ్రౌండ్‌కి 560 పెడితే దాదాపు 250 మిల్లీవోల్టులు వస్తుంది. అదీ ఒక్క చోటే.

నల్గొండ_సిమెంట్
కామన్ వైరు, అంటే అన్ని పరికరాల గ్రౌండ్‌ను కలిపే మూడో వైరు, ఎవ్వరూ చెప్తలేరు. రెండు వైర్లు చాలనుకుంటరు. క్రషర్ కాడ ఎర్త్‌కు, కంట్రోల్ రూమ్ ఎర్త్‌కు తేడా మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టులు దాటిందంటే చిప్ పాయె. ఐసొలేషన్ (లైన్‌కు, లోపలి సర్క్యూట్‌కు నేరుగ కరెంటు దారి లేకుండ విడదీసుడు) ఉన్నదే కొనుండ్రి, నాలుగు పైసలు ఎక్కువైనా. మా స్టోర్స్‌వాళ్లు చౌకది తెప్పిచ్చిన్రు, వానాకాలం పిడుగులకు వరసబెట్టి పోయినయి. ఇప్పుడు ఆ స్టోర్స్‌వాళ్లే మమ్మల్ని అడుగుతున్రు, ఎందుకు కాలుతున్నయని!

పాశమైలారం_కుర్రాడు
స్టోర్స్ బాధ అన్ని కంపెనీల్లో ఒక్కటే అన్నా 😂 మా దగ్గర టెర్మినేషన్ రెసిస్టర్‌కు కూడా మూడు కొటేషన్లు అడిగిన్రు.

పటాన్‌చెరు_మెయింటెనెన్స్
వైరింగ్ చూస్తా అన్నా. కన్వర్టర్ సంగతి చెప్పుండ్రి జర.

విజయవాడ_ఎంబెడెడ్
రెండు రకాలున్నాయి. సీరియల్ డివైస్ సర్వర్ అయితే బైట్లను ఉన్నవున్నట్టు టీసీపీలో పంపిస్తుంది. మోడ్‌బస్ గేట్‌వే అయితే ఆర్‌టీయూను విప్పి, సీఆర్‌సీ (తప్పులు పట్టుకునే చివరి రెండు బైట్లు) తీసేసి, 7 బైట్ల హెడర్ తగిలించి 502 పోర్టులో మోడ్‌బస్ టీసీపీగా ఇస్తుంది. మోక్సా కంపెనీలో ఎన్‌పోర్ట్ మొదటి రకం, ఎంగేట్ రెండోది. మొదటిది కొని స్కాడాలో మోడ్‌బస్ టీసీపీ అని పెట్టి, కనెక్ట్ అయింది డేటా రావట్లేదు అని ఇక్కడికి వచ్చేవాళ్లకి లెక్కలేదు. మీకు గేట్‌వే కావాలి.

స్పీడ్ లెక్క: 9600లో ఒక్కో బైటు 1.15 మిల్లీసెకన్లు. 10 రిజిస్టర్లకి (మీటరులో విలువలుండే రెండేసి బైట్ల గదులు) అడగడం 8 బైట్లు, జవాబు 25. అంటే లైన్ మీదే 38 మిల్లీసెకన్లు, మీటరు ఆలోచించే టైము, గ్యాపులు కలిపి వంద వేసుకోండి. 24 మీటర్లకి రెండున్నర సెకన్లు. కానీ ఒక్క మీటరు చచ్చి, టైమౌట్ ఒక సెకను, మూడు ప్రయత్నాలు అని ఉంటే ప్రతి రౌండుకీ 3 సెకన్లు దండగ. స్కాడా టైమౌట్ గేట్‌వే టైమౌట్ కంటే ఎక్కువే ఉండాలి. ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని చెప్పే జవాబు) 0బీ వస్తే గేట్‌వే బతికే ఉంది, కింద మీటరు పలకట్లేదు అని.

జుబైల్_ఆటోమేషన్
19200 పెట్టుకోమను, లైన్ మీద పట్టే టైము సగం.

నల్గొండ_సిమెంట్
24 మీటర్ల కాడికి పోయి బటన్లు నొక్కి మార్చేది మీరు కాదు గద సార్.

పటాన్‌చెరు_మెయింటెనెన్స్
పాత సాఫ్ట్‌వేర్ ముచ్చట ఎవ్వరూ ముట్టలే.

గాజువాక_ప్యానెల్
ఒక 485 లైన్ మీద ఇద్దరు మాస్టర్లు కుదరదు. పాత పీసీ వైరు లైన్ మీద అలాగే ఉంచి గేట్‌వే కూడా తగిలిస్తే ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి. రెండు సీరియల్ పోర్టులున్న గేట్‌వేల్లో కొన్ని, ఒక పోర్టులో పాత మాస్టర్‌ని, ఇంకో పోర్టులో మీటర్లని పెట్టి, ఇద్దరు అడిగేవీ వరసలో నిలబెడతాయి. కొనేముందు ఆ సౌకర్యం ఉందా అని అడగండి. పాత సాఫ్ట్‌వేర్‌లో టైమౌట్ పెంచే వీలుందా అదీ చూడండి, వరసలో ఆలస్యం తప్పదు.

ఇంకోటి, 502 పోర్టుని రౌటర్లో బయటికి తెరవొద్దు. మోడ్‌బస్‌కి పాస్‌వర్డే లేదు, చేరగలిగినవాడు చదవడమే కాదు, రాస్తాడు కూడా. ఆఫీస్ నెట్‌వర్క్ నుంచి విడదీసి వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌ల మీద వేరు చేసిన నెట్‌వర్క్) పెట్టండి.

పాశమైలారం_కుర్రాడు
మా దాంట్ల వోల్టేజ్ ఫ్లోట్ (దశాంశం ఉన్న) విలువ పిచ్చిపిచ్చిగ వస్తుంది, గేట్‌వే పోయిందా?

విజయవాడ_ఎంబెడెడ్
గేట్‌వేకి ఏమీ కాలేదు. ఆ విలువ ఉండే రెండు రిజిస్టర్ల వరస తారుమారు, స్కాడా ట్యాగ్‌లో (ఆ విలువ సెట్టింగ్‌లో) వర్డ్ స్వాప్ పెట్టు.

పాశమైలారం_కుర్రాడు
వచ్చింది అన్నా, 238 చూపిస్తుంది! ప్రొఫీబస్ (ఇంకో ఫ్యాక్టరీ ప్రోటోకాల్) డ్రైవ్‌లు నాలుగున్నయి, అవి కూడా దీన్నే తగిలియ్యొచ్చా?

నల్గొండ_సిమెంట్
తగిలియ్యొద్దు. వైరు 485దే గానీ ప్రొఫీబస్ ముచ్చటే వేరే, మోడ్‌బస్ గేట్‌వేకు సమజ్ గాదు. దానికి వేరే గేట్‌వే ఉంటది, వేరే చర్చ పెట్టు.