ఐదు లక్షల్లో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: విజయనగరం చుట్టుపక్కల తిరగడానికి ఏది మేలు?

గంట్యాడ_బాటసారి:
అందరికీ నమస్తే. సెలవు దొరికితే తాటిపూడి దాటి అనంతగిరి వైపో, పార్వతీపురం మీదుగా కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలకో పోతుంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, టెంటు, వంట సామాను. ఇప్పుడున్న చిన్న కారు తారు రోడ్డు ఉన్నంతవరకే. వాన పడిందంటే కొండగెడ్డ దగ్గర ఆగి వెనక్కి తిరగాల్సిందే. ఐదు లక్షల లోపు సెకండ్‌హ్యాండ్ బండి చూస్తున్నాను. ఇప్పటిదాకా చూసినవి ఒక 2012 థార్ సీఆర్‌డీఈ, ఒక జిప్సీ, ఒక 2015 డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్. బండి మా ఆవిడ కూడా నడుపుతుంది. వాడినవాళ్లు కాస్త చెప్పండి.

సాలూరు_గేరు:
సార్, మాది లారీల ఊరు, గ్యారేజీల మధ్యే పెరిగాను. ఏ కంపెనీ బండి అన్నది తర్వాత చూద్దురుగాని, ముందు అది నిజంగా ఫోర్ బై ఫోర్ అవునో కాదో తేల్చుకోండి. పాత థార్‌లో సీఆర్‌డీఈ ఇంజన్‌దైతే ఫోర్ వీలే, ఇబ్బంది లేదు, కానీ డీఐ ఇంజన్ మోడల్ టూ వీల్‌లో కూడా వచ్చింది. బొలెరోలు, స్కార్పియోలు చాలావరకు వెనక చక్రాలతో నడిచేవే. స్టిక్కర్ ఎవరైనా అంటించుకోవచ్చు. కింద పడుకుని టార్చి వేసి చూడండి. ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకూ పవర్ పంచే గేర్ల డబ్బా), అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకి (ముందుకీ వెనక్కీ పవర్ పంచే పెట్టెకి) ఒక షాఫ్టు కనబడాలి.

థార్, జిప్సీలకు ఒక పరీక్ష ఉంది. మట్టి మైదానంలోకి తీసుకెళ్లి, ఫోర్ వీల్ ‘లో’ గేరు (మెల్లగా, బలంగా లాగేది) వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. ముందు చక్రాలకు పవర్ అందుతుంటే స్టీరింగ్ బిగుసుకుని, బండిని ఎవరో పట్టి ఆపుతున్నట్టు తెలుస్తుంది. అది మంచి గుర్తే. టకటకమని చప్పుడొచ్చినా, లివర్ తనంతట తానే జారి బయటికొచ్చినా ఆ బండి వదిలేయండి. తారు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, కానీ ఫోర్ వీల్ వేశాక ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలోనైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ వీలుండదు, ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

ఇంకొకటి, డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పించి ఆయిల్ చూడండి. పాలు పోసిన టీలా ఉందంటే లోపలికి నీళ్లు పోయినట్టే. గెడ్డలు దాటించిన బండ్లలో ఇది తరచూ చూస్తాం.

కళింగపట్నం_ఉప్పుగాలి:
మా తీరం బండ్ల గురించి నేను చెప్తాను. ఇంజన్ చెడితే కట్టించుకోవచ్చు, ఛాసీ తుప్పు పట్టిందంటే డబ్బు పోసినా పాత గట్టితనం రాదు. భావనపాడు, బారువ, కళింగపట్నం దగ్గర తిరిగిన బండి పైకి తళతళలాడుతుంటుంది. వెనక చక్రాల పైన ఛాసీ ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడ, కమాన్ పట్టీలు బిగించే బ్రాకెట్ల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. డొల్లైన చోట మొద్దుగా మోగుతుంది, పెచ్చులు రాలతాయి. అమ్మకానికి ముందు కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే మరీ జాగ్రత్త. నాకైతే తీరం బండి కన్నా కొంచెం ఎక్కువ తిరిగినా లోపలి ఊళ్ల బండే నయం.

బండి కొన్నాక ఇసుకలోకి దింపాలని అందరికీ ఉంటుంది. దయచేసి వద్దండి. చలికాలం చివర్నుంచి వేసవి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. గూడు పైకి కనబడదు, టైరు కిందపడితే గుడ్లన్నీ పోతాయి.

పాతపట్నం_జిప్సీ:
మాది జిప్సీ కింగ్, 1.3 లీటర్ పెట్రోల్. తేలికైన బండి కాబట్టి బురదలో పెద్ద బండ్లు కూరుకుపోయే చోట ఇది నెమ్మదిగా పాక్కుంటూ పోతుంది. పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరి వైపు వెళ్లినప్పుడు దీని విలువ తెలిసింది. ఆ కొండ 1,501 మీటర్ల ఎత్తు. వాన తర్వాత ఆ మట్టి దారుల్లో తేలిక బండి ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఇంత ప్రేమ ఉన్నా మీకు మాత్రం దీన్ని చెప్పను. నాలుగు వైపులా కమాన్ పట్టీలే, పిల్లలు గతుకులకు అలిసిపోతారు. వెనక ఎదురెదురు బల్ల సీట్లు. పెట్రోల్ బాగా తాగుతుంది. జిప్సీ ఒక్కడికో ఇద్దరికో మంచిది.

బొబ్బిలి_వీణ:
సీట్ల మాట సరిగ్గా చెప్పారన్నయ్యా. పాత థార్‌లో కూడా వెనక పక్కకు తిరిగి కూర్చునే సీట్లే. ఘాట్ మలుపుల్లో పిల్లల్ని అలా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేక డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ తీసుకున్నాం. 1.5 డీజిల్, ఆరు గేర్లు. నేనే నడుపుతాను. సాలూరు ఘాట్ ఎక్కినా, సీతంపేట లోపలి దారుల్లో గతుకులొచ్చినా నడుము నొప్పి రాదు. ఈ మోడల్‌కి వెనక కూడా ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది, ఆ తేడా కూర్చున్నవాళ్లకు బాగా తెలుస్తుంది.

దీనికి ఆ ‘లో’ గేరు లేదు. మొదటి గేరునే బాగా పొట్టిగా పెట్టారు, మెల్లగా ఎక్కడానికి అది పనికొస్తుంది. పెద్ద బండరాళ్లు, లోతైన బురద దీని పని కాదు. మీరు రాసిన దారులకు సరిపోతుంది. కొనేముందు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా అడగండి. అది తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజన్ విప్పాల్సి వస్తుంది. ఇదే డీజిల్ ఇంజన్ నిస్సాన్ టెరానో, మహీంద్రా వెరిటోల్లోనూ ఉంది కాబట్టి ఇంజన్ సామాను దొరుకుతుంది. వెనక చక్రాలకు పవర్ పంపే కప్లింగ్ చెడితే మాత్రం ఖర్చు గట్టిగానే ఉంటుంది.

గంట్యాడ_బాటసారి:
చాలా థ్యాంక్స్ అండి, పిల్లల సీట్ల సంగతి నాకు తట్టలేదు. ఒక బ్రోకర్ ఢిల్లీ నుంచి వచ్చిన స్కార్పియో ఫోర్ బై ఫోర్ ఉందంటున్నాడు. ధర చాలా తక్కువ. తీసుకోవచ్చా?

ఎన్‌వోసీ_ముందు:
ధర తగ్గడానికి కారణం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) చెప్పింది. అప్పట్నుంచి అక్కడివాళ్లు బయటి రాష్ట్రాలకు అమ్మేస్తున్నారు. బండి మంచిదే కావచ్చు. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కళ్లతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. అవి కలిపితే ఎంతవుతుందో ముందే లెక్కేయండి. లోన్ ఉన్న బండైతే ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఇచ్చినవాళ్ల హక్కు) తీయించాకే డబ్బివ్వండి. పదిహేనేళ్లకు దగ్గరపడిన బండైతే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవాలి, తర్వాత ఐదేళ్లకోసారి అదే పని. ఒడిశా బండ్లకూ ఎన్‌వోసీ, ట్యాక్స్ సంగతి ఇంతే. పక్కనే ఉంది కదా అని ఓడీ నంబరు మీదే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లున్నారు. చెకింగ్‌లో దొరికినప్పుడు టెన్షన్ పడేది కొన్నవాళ్లే.

సాలూరు_గేరు:
ఏ బండైనా ఐదు లక్షలూ బండికే పెట్టేయకండి సార్. టైర్లు, ఆయిళ్లు, బెల్టులు, బుష్‌లు, క్లచ్ చూసుకోవడానికి కనీసం డెబ్బై, ఎనభై వేలు పక్కన పెట్టుకోండి. పాత బండి మొదటి ఏడాది డబ్బు అడుగుతూనే ఉంటుంది. ముందు ఇనుప బుల్‌బార్ ఉంటే తీయించేయండి, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని పెట్టొద్దంది.

గంట్యాడ_బాటసారి:
డస్టర్‌నే మళ్లీ చూద్దామనుకుంటున్నాం. బెల్టు బిల్లు అడిగాను, వెతుకుతామన్నారు. వీణ గారూ, ఆల్ వీల్ పనిచేస్తుందో లేదో దీంట్లో ఎలా తెలుసుకోవాలి?

బొబ్బిలి_వీణ:
గేర్ లివర్ దగ్గర గుండ్రటి నాబ్ ఉంటుంది. టూ వీల్, ఆటో, లాక్ అని మూడు స్థానాలు. లాక్‌లో పెట్టినప్పుడు డాష్‌బోర్డులో లైటు వెలగాలి, వార్నింగ్ రాకూడదు. తడి మట్టి ఎత్తు మీద ఆపి మెల్లగా ఎక్కించండి, ఒకరు బయట నిలబడి వెనక చక్రాలు మట్టి తోస్తున్నాయో లేదో చూడాలి. బిల్లు దొరకలేదంటే బెల్టు మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు అక్కయ్యను కూడా తీసుకెళ్లండి, క్లచ్ కాలికి ఎలా అందుతుందో తనే నడిపి చూసుకుంటుంది.