కార్డు బాకీ 64,000: ఇంటి ఖర్చులు తగ్గించి తీర్చాలా, గాజులు బ్యాంకులో పెట్టాలా?

నెలాఖరు నాన్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. నేను, మా ఆవిడ, బడికెళ్లే పిల్లలిద్దరు. చేతికొచ్చే జీతం 38,000. జూన్‌లో పిల్లల ఫీజులు, ఆ వెంటనే ఫ్రిజ్ పాడవడం, రెండూ క్రెడిట్ కార్డు మీదే నడిపించాను. ఇప్పుడు బాకీ 64,000. ప్రతినెలా మినిమం 3,200 కడుతూనే ఉన్నాను, బాకీ మాత్రం కదలడం లేదు.

అద్దె 10,000. స్కూలు వాయిదా, వ్యాను 3,500. సరుకులు, పాలు, కూరగాయలు 10,000. చిట్టీ 5,000. కరెంటు, గ్యాస్, నెట్, రెండు ఫోన్లు కలిపి 3,000. నా బండి పెట్రోలు 2,500. మిగిలేది 4,000, అందులోంచే కార్డుకు కట్టాలి.

మా ఆవిడ ఏమంటుందంటే, బంగారం గడప దాటకూడదు, ఖర్చులు తగ్గించి నెలకు 6,000 కడదాం, ఏడాదిలో తీరిపోతుంది అని. మా బావమరిది ఏమో "అక్క గాజులు బ్యాంకులో పెట్టు బావా, కార్డు ఒక్కరోజులో క్లియర్ అవుతుంది, తర్వాత నిదానంగా విడిపించుకోండి" అంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

తెనాలి పెదబాబు:
అమ్మాయి చెప్పిందే కరెక్టు. నేను చాలా ఏళ్లు కిరాణా కొట్టు నడిపాను, మా బజారులో నగలు బ్యాంకుకు ఎలా వెళ్తాయో చూశాను. మొదటి ఏడాది చివర అసలు కట్టడానికి డబ్బుండదు, వడ్డీ ఒక్కటి కట్టి తిరగరాయిస్తారు. మరుసటి ఏడాది ఇంట్లో ఏదో ఫంక్షన్ వస్తుంది, ధర పెరిగింది కదా అని అదే నగ మీద ఇంకో ఇరవై వేలు తీసుకుంటారు. ఆ తర్వాత వేలం నోటీసు వస్తుంది.

ఏడాదిపాటు నోరు కట్టుకుని బాకీ తీర్చినవాడు మళ్లీ కార్డు గీకేముందు ఆగుతాడు. గాజులు పెట్టి ఒక్కరోజులో తీర్చినవాడికి కార్డు మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది. పండక్కి ఆఫర్లు ఎలాగూ ఉంటాయి.

బ్యాంకు కౌంటర్:
పెదబాబు గారి భయం నిజమే. తిరగరాయించుకునేవాళ్లు మా దగ్గరికి రోజూ వస్తారు. అయినా ముందు లెక్క చూద్దాం.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకోండి, చాలా కార్డులకు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. 64,000 మీద నెలకు 2,240. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 403. మొత్తం 2,643. అంటే మీరు కట్టే 3,200లో అసలుకు పోయేది 557 రూపాయలు. మన ఊరి లెక్కలో చెబితే ఇది నూటికి నాలుగు రూపాయలు దాటిన వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణే జలగ అంటాం.

నెలకు 6,000 నేరుగా కార్డుకే కడితే 15 నెలలు పడుతుంది, వడ్డీ, జీఎస్టీ కలిపి 22,000 దగ్గర పోతుంది. ఏడాదిలో తీరదు. బ్యాంకులో గోల్డ్ లోన్ ఏడాదికి 10 శాతానికి దొరికిందనుకుంటే, అదే 6,000 చొప్పున 12వ నెలలో అయిపోతుంది, వడ్డీ 3,300 దగ్గర. బంగారం విలువ కట్టే అప్రైజర్ ఫీజు, ప్రాసెసింగ్ ఛార్జీ తీసేసినా 17,000 పైన మిగులు. ఈ రోజు ధరకు ఒక తులం పెడితే సరిపోతుంది, గాజులన్నీ తీయక్కర్లేదు.

ఇంకో సంగతి. కార్డులో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఈ రోజు పెట్రోలు కొట్టించినా ఈ రోజు నుంచే వడ్డీ. కాబట్టి ఏ దారి పట్టినా ముందు కార్డు వాడటం ఆపండి.

ఓరుగల్లు ఆడబిడ్డ:
లెక్కలు సరే. "ఖర్చులు తగ్గిద్దాం" అంటే ఎవరి ఖర్చు అని ఎవరూ అడగలేదు.

మా ఇళ్లల్లో ఇది ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. లీటరున్నర పాలు లీటరు అవుతాయి. పిల్లల గ్లాసుల్లో తగ్గవు, ఆయన టీ తగ్గదు, సాయంత్రం ఆమె టీ మాయమవుతుంది. పనామె మానేస్తుంది, గిన్నెలు ఎవరు తోముతారో అందరికీ తెలుసు. గ్యాస్ బండ మీద పెట్టిన తేదీ పెన్నుతో రాసుకుని, ఈసారి ఎన్ని రోజులొచ్చిందో లెక్కపెట్టేది కూడా ఆమే. అన్నా, మీ లిస్టులో 2,500 పెట్రోలు ఉంది, అది తగ్గుతుందని మీరు గానీ పైన చెప్పినవాళ్లు గానీ ఒక్కమాట అనలేదు. ఆమె బస్సెక్కితే టికెట్ లేదు, 2023 డిసెంబర్ నుంచీ ఆడవాళ్లకు ఫ్రీ. అక్కడ తగ్గించడానికేమీ లేదు.

ఇంకోటి. వదిన బంగారం వద్దంటున్నది ఎందుకో అడిగారా? ఆ ఇంట్లో ఆమె సొంతం అనుకోదగ్గవి ఆ గాజులు మాత్రమేనేమో.

తెనాలి పెదబాబు:
అమ్మా, నేను వంటింట్లో తగ్గించమనలేదు. నెట్, ఓటీటీ, హోటల్ ఆర్డర్లు, ఇవి తగ్గించుకోవచ్చు కదా.

ఓరుగల్లు ఆడబిడ్డ:
వాళ్ల లిస్టులో హోటల్ అనే మాటే లేదు బాబాయ్. 38,000 జీతంలో 10,000 అద్దె పోగా నలుగురు తింటున్నారు. ఇప్పటికే తగ్గించి బతుకుతున్నవాళ్లు వాళ్లు.

కరెంటోడు:
బంగారం సంగతి మీరు తేల్చుకోండి, నేను కరెంటు బిల్లు సంగతి చెబుతా. అన్నా, బిల్లు మీద యూనిట్లు ఎన్ని? రేషన్ కార్డు ఉందా?

నెలాఖరు నాన్న:
ఈ నెల 215 యూనిట్లు. మా పేర్లు జనగామలో అమ్మానాన్నల కార్డులో ఉన్నాయి, ఇక్కడ లేదు.

కరెంటోడు:
అయితే గృహజ్యోతి జీరో బిల్లు ఇప్పుడు రాదు. మీకంటూ వేరే కార్డు వచ్చాక అప్లై చేసుకోండి, అద్దెకున్నవాళ్లకీ వస్తుంది. 200 యూనిట్ల లోపు ఉన్న నెలకే ఫ్రీ, దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి.

ఫ్రీ లేకపోయినా మీకు ఆ 200 గీత ముఖ్యం. తెలంగాణలో 100 దాటి 200 లోపు అయితే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820. 200 దాటితే ఆ మొదటి 200కీ 5.10 చొప్పున పడుతుంది, పైవాటికి 7.70. మీ 215కి 1,135 అయింది, ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు వేరే. చివరి 15 యూనిట్లకే 315 కట్టారన్నమాట.

15 యూనిట్లు తగ్గించడం పెద్ద పనేం కాదు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర. రోజుకు 16 గంటలు తిరిగే హాలు ఫ్యాన్ ఒక్కటి మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. ఫ్యాన్ 3,000 లోపు దొరుకుతుంది. ఇప్పుడు అంత పెట్టలేకపోతే గీజరు చూడండి. రెండు కిలోవాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. 15 నిమిషాలకు కట్టేస్తే గీత లోపలికి వచ్చేస్తారు.

తెనాలి పెదబాబు:
చూశారా, ఇలా వెతికితే దొరుకుతాయి.

బ్యాంకు కౌంటర్:
దొరికింది 315 పెదబాబు గారూ. నెలకు 4,000 నుంచి 6,000కు పోవాలంటే 2,000 కావాలి. కార్డు వడ్డీయేమో నెలకు 2,643. చిల్లు కుండకు మూత వెతుకుతున్నట్టుంది. వడ్డీ రేటు తగ్గించాక ఈ 315 మిగిల్చినా పనికొస్తుంది, ముందు కాదు.

గాజువాక చిట్టీ:
అందరూ గాజుల దగ్గరే ఆగిపోయారు. లిస్టులో చిట్టీ 5,000 కనబడలేదా? ఎంత చిట్టీ, ఎన్నో నెల, పాడారా లేదా?

నెలాఖరు నాన్న:
లక్ష చిట్టీ, 20 మంది, 20 నెలలు. ఇది 9వ నెల, ఇంకా పాడలేదు. పాప పై చదువుకని పక్కన పెట్టిన డబ్బు అది, అందుకే ఆ లెక్కలోకి తీసుకోలేదు. మా కాలనీలో ఒకావిడ నడుపుతారు.

గాజువాక చిట్టీ:
అయితే పాడేయండి. 15,000 తగ్గించి పాడితే 85,000 చేతికొస్తుంది. 64,000 కార్డుకు కొట్టండి. నెలనెలా కట్టే చిట్టీ ఎలాగూ కడుతున్నదే, కొత్త భారం లేదు. కార్డుకు పోయే 3,200 మీ దగ్గరే ఉంటుంది. ఎవరి పాలూ తగ్గవు, గాజులు బీరువాలోనే ఉంటాయి.

బ్యాంకు కౌంటర్:
ఈ దారి నాకూ నచ్చింది. ఖరీదు మాత్రం తెలుసుకుని దిగండి. చిట్టీ నడిపేవాళ్ల కమిషన్ 5 శాతం అనుకుంటే చివరి నెల దాకా ఆగినవాళ్లకు 95,000 వస్తుంది. ఇప్పుడు 85,000కి తీసుకుంటే 10,000 వదులుకున్నట్టు. గోల్డ్ లోన్ వడ్డీ 3,300. లెక్క ప్రకారం ఇప్పటికీ బంగారమే చవక. కాకపోతే పాపకని దాచిన డబ్బు అంటున్నారు కాబట్టి, కార్డుకు పోగా మిగిలే 21,000, ఆదా అయ్యే 3,200 పోస్టాఫీసు ఆర్డీలోనో ఎక్కడో పడాలి. లేకపోతే చిట్టీ కరిగిపోయి ఊరుకుంటుంది.

గాజువాక చిట్టీ:
సార్, మీరు ఒకటి వదిలేశారు. కాలనీ చిట్టీ అంటున్నారు, రిజిస్టరై ఉండదు. రిజిస్టరైన చిట్టీకి 1982 చట్టం ఉంది, చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్‌కు 7 శాతం పరిమితి ఉంది, ఫోర్‌మన్ కట్టిన డిపాజిట్ ఉంటుంది. కాలనీ చిట్టీలో ఆవిడ మంచితనం ఒక్కటే హామీ. ఇలాంటి చిట్టీలో చివరిదాకా ఆగినవాడే ఎక్కువ భయపడాలి. ఆ 95,000 కాగితం మీది లెక్క. ముందు పాడుకున్నవాడి డబ్బు చేతిలో ఉంటుంది.

తెనాలి పెదబాబు:
ఇది మాత్రం నిజం. మా దగ్గర ఒకాయన చిట్టీలు ఎత్తేసి రాత్రికి రాత్రి ఊరు వదిలిపోయాడు. మునిగినవాళ్లంతా ఇంకా పాడనివాళ్లే. గాజులు కదపకుండా పని జరుగుతుందంటే నాకు అభ్యంతరం లేదు. అయినా కార్డు కత్తిరించాల్సిందే.

బ్యాంకు కౌంటర్:
కత్తిరిస్తే అకౌంట్ మూతపడదండీ. బాకీ తీర్చాక లిమిట్ 20,000కు తగ్గించమని అడగండి, వాళ్లు చేస్తారు. లేదా రాతపూర్వకంగా మూసేయించి, బాకీ లేదన్న లెటర్ తీసుకోండి.

నెలాఖరు నాన్న:
అందరికీ థాంక్స్. మా ఆవిడకు ఈ చర్చంతా చదివి వినిపించాను. పాట 10వ తేదీన. 18,000 వరకు తగ్గించి పాడొచ్చని ఇద్దరం అనుకున్నాం, అప్పుడు 82,000 వస్తుంది. మిగిలింది పాప పేరు మీద వేస్తాం. జామీను అడుగుతారట, మా బావమరిది ఉంటానన్నాడు. పాట 82,000 కంటే కిందకు పోతే మాత్రం ఒక్క తులం బ్యాంకులో పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకుంది. లోన్ ఆమె పేరు మీదే ఉండాలని కండిషన్.

బ్యాంకు కౌంటర్:
మంచి కండిషన్. ఆవిడే రావాలి, ఆధార్, పాన్ తెచ్చుకోమనండి, సంతకాలన్నీ ఆవిడవే. ఏడాది చివర ఒకేసారి కట్టే రకం కాకుండా నెలవారీ వాయిదాల రకం అడగండి. పెదబాబు గారు చెప్పిన తిరగరాయింపు గొడవ అప్పుడు ఉండదు. పాట మాత్రం 18,000 దాటనివ్వకండి, పక్కవాడు పెంచాడని పట్టుదలకు పోయేవాళ్లను చాలామందిని చూశాను.

కరెంటోడు:
గీజరు సంగతి మర్చిపోకు అన్నా.

ఓరుగల్లు ఆడబిడ్డ:
అన్నా, అన్నీ తేల్చారు గానీ పెట్రోలు గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆఫీసు ఎక్కడ? ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ ఉంది కదా.

నెలాఖరు నాన్న:
ఆఫీసు అమీర్‌పేట అక్కా. మా ఆవిడ కూడా ఇదే అడుగుతోంది.