వైర్ బ్యాండ్: ‘పింక్ ఫ్లాగ్’ తర్వాత ఏది వినాలి?

అందరికీ నమస్కారం. లండన్ బ్యాండ్ వైర్ 1977లో తెచ్చిన ‘పింక్ ఫ్లాగ్’ వారం రోజులుగా వదలకుండా వింటున్నా. దాదాపు 35 నిమిషాల్లో 21 పాటలు! ఒకటైతే అర నిమిషం కూడా లేదు. చెప్పాల్సింది అయిపోగానే టక్కున ఆపేస్తారు, ఆ కొంటెతనమే నచ్చింది. మా తమ్ముడికి మాత్రం రిహార్సల్ టేపులా ఉందట, వాడి ఖర్మ.

ఇప్పుడు 1978 నాటి ‘చెయిర్స్ మిస్సింగ్’ పెట్టాలా, నేరుగా 1979 నాటి ‘154’కి వెళ్లిపోవచ్చా? (అప్పటిదాకా ఇచ్చిన కచేరీల లెక్కే ఆ పేరు!) సింథసైజర్లు మరీ ఎక్కువైతే నాకు ఎక్కదు. రెండూ విన్నవాళ్లు కాస్త చెప్పండి. ఇలా పొదుపుగా వాయించే వేరే బ్యాండ్లున్నా చెప్పండి. యంగ్ మార్బుల్ జెయింట్స్ ఇప్పటికే విన్నాను.